బోయరుయుద్ధమునకు మూలకారణము

(పఠనమందిరమున నొసంగిన యుపన్యాసము)

1899 అక్టోబరు 11వ తేదీన దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులకును బోయరులకును యుద్ధ మారంభమయ్యెను. ట్రాన్సువాలులోని పరదేశీయులకు వోటుహక్కు లేకపోవుటయే కారణమని ఆంగ్లమంత్రులు చాటిరి. న్యాయవాదవృత్తిలో నున్న మేము సాక్షి పలుకును వాని చేతలతో సరిపోల్చి చూతుము.

1886లో విట్వాటర్సురాండున బంగారము బయల్పడెను. నాటినుండి పసులకాపరుల దేశముపై గనులధనికుల కన్ను పడెను. 1895 డిసెంబరు చివర జేమ్సను సాయుధులను గొని దండెత్తి, కొలదిదినములలోనే పట్టుబడెను. ఆ కుట్రలో పాల్గొన్న సెసిల్ రోడ్సు కేపుకాలనీ ప్రధానమంత్రిపదవిని విడువవలసివచ్చెను.

వోటే కోరికయైనచో 1899లోనే యది తీరియుండును. పదునాలుగేండ్ల నివాసనియమమును ఏడేండ్లకు దగ్గింతునని క్రూగరు బ్లూంఫాంటీనులో జెప్పెను. మిల్నరు ఐదేండ్లే యనెను. ఆగస్టులో బోయరులు ఐదేండ్లకును సమ్మతించి, తమ రాజ్యముపై అధిరాజత్వమును మాత్రము గోరవలదనిరి. ఆంగ్లేయు లా షరతు నంగీకరింపలేదు. వారికి గావలసినది పెత్తనమని దీనితో దేటపడినది.

బోయరులు నిర్దోషులని మే మనము. ఆఫ్రికనుల భూముల నాక్రమించినవారు వారే. 1885లో భారతీయులను హీనపరచు శాసనము చేసినవారును వారే. ఆ యన్యాయమును గూడ ఆంగ్లమంత్రులు యుద్ధకారణములలో జేర్చిరి. గాంధీగారు నేటాలులో సుమారు 1,100 మంది భారతీయులను గూర్చి, గాయపడిన ఆంగ్లసైనికులను మోయించిరి. వారిలో బెక్కుమంది తోటకూలీలు.

ఫలమేమి? 1902 మే 31వ తేదీ సంధిలో ఆఫ్రికనుల వోటుమాట వాయిదాపడెను. 1907లో, ఆంగ్లపతాకము క్రిందనే, ట్రాన్సువాలు భారతీయులు వ్రేలిముద్రలతో నమోదు కావలెనను శాసనము వచ్చెను.

సోదరులారా! యుద్ధకారణమును దెలియగోరువారు యుద్ధప్రకటనతోపాటు సంధిపత్రమును గూడ జదువవలెను.