తెల్లకాగితముపై వ్రేలిముద్ర

(మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల యువజనుల నుద్దేశించిన ప్రసంగపాఠము)



మదనపల్లె టమాటా విపణిలో సరకు దింపిన రైతు లెక్కచీటి చూచుకొననిదే యిల్లు చేరడు. పుంగనూరు ఆవును గొనువాడు నోటి పండ్లు చూడక పైకము లెక్కింపడు. కుప్పమున గ్రానైటు బండను గొనువాడు పగులున్నదేమోయని పరికించి చూచును. ఇంత మెలకువగల మనము సెల్‌ఫోను తెరపై మాత్రము చదువకయే సమ్మతి నొక్కుచున్నాము. క్రిప్టో సొమ్ము దొంగలపాలగుటకు గల కారణములలో ఇది యొకటి.

వాలెట్టనగా డబ్బుసంచి యని పలువురి భ్రమ. అందు నాణెములుండవు. లెక్క యంతయు లోకమందలి వేలకొలది కంప్యూటర్లలో వ్రాయబడియుండును. వాలెట్టు దాచునది రహస్యపు తాళపుచెవిని మాత్రమే. దానికి మారురూపము 12 లేక 24 మాటల వరుస. ఆ మాటలు తెలిసినవాడే యజమానుడు. పోయిన సొమ్మును మరలించుటకు అచట బ్యాంకు గుమాస్తా లేడు.

దొంగ యీ తాళమును బ్రద్దలుకొట్టడు, మనచేతనే తీయించును. సహాయకేంద్రమువాడనని చెప్పి ఆ మాటల నడుగును. అసలును బోలిన నకిలీ యాప్‌ను దింపించును. మనము నకలుచేసిన చిరునామాను చాటుగా మార్చి, తన చిరునామాను నిలుపు దుష్టప్రోగ్రామును పంపును. ఉచిత టోకెన్లని పిలిచి, మన టోకెన్లను ఎంతైనను తీసికొనవచ్చునను అనుమతికి సంతకము చేయించును.

ఇది తెలియనివారికే కలుగు ఆపద యందురా? 2024 జూలై 18న మనదేశపు వజీర్‌ఎక్స్ నుండి దాదాపు రెండువేల కోట్ల రూపాయల విలువగల టోకెన్లు పోయినవి. పలువురి సంతకములు లేనిదే కదలని ఖజానా అది! తెరపై కనబడినదొకటి, సంతకమైనది వేరొకటి యని ఆ సంస్థయే తెలిపినది. ఖాతాదారులు ఏడాదికి పైగా తమ టోకెన్లను ముట్టలేకపోయిరి. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ నుండి సుమారు 150 కోట్ల డాలర్ల సొత్తు అట్టి మాయచేతనే పోయినది. ఈ రెండు దోపిడులును ఉత్తరకొరియావారి పనియేయని అమెరికా ప్రభుత్వము ప్రకటించినది.

మన తాతలు అక్షరము రాక, వడ్డీవ్యాపారి చూపిన తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేసి పొలములు పోగొట్టుకొనిరి. ఆ దుస్థితిని మాన్పుటకే గదా రాత్రిబడులు వెలసినవి! నేడు చదువుకొన్న మనుమలు అదే వ్రేలిని తెరపై మోపుచున్నారు.

కావున మేము కోరునది స్వల్పము. ఆ మాటలను కాగితముపై వ్రాసి దాచుడు, ఫొటో తీయకుడు, ఎవ్వరికిని చెప్పకుడు. చిరునామాను మొదలుతుద సరిచూచి, తొలుత కొద్దిమొత్తమే పంపుడు. పాత అనుమతులను రద్దుచేయుడు. సొమ్ముపోయినచో తక్షణమే 1930కి తెలుపుడు. రుసుమిచ్చిన పోయినది తెచ్చెదమనువారిని నమ్మకుడు. అది రెండవ దొంగతనము.

2022 ఏప్రిల్ 1 నుండి ఈ లాభములపై ప్రభుత్వము నూటికి 30 వంతున పన్ను గొనుచున్నది. పన్ను గొను చేయి రక్షింపవలసిన చేయియు గదా! ఆ రక్షణను అడుగుట మన హక్కు. అంతవరకు చదువని దానిపై వ్రేలు మోపకుండుట మన విధి.