పళ్లు కలిశాక ఫిల్ము ఎవరికోసం?

మన శాఖ ప్రగతిని ఏకరువు పెట్టడం అధ్యక్షుల ఆనవాయితీ. ఆ పని సావనీరు ఎలాగూ చేసింది కనుక నా పాత తగాదానే ఈ వరంగల్ వేదిక ఎక్కిస్తున్నాను. విరిగిన కింది దవడకు ప్లేట్లు వేశాక, పళ్లు చక్కగా కలుస్తున్న రోగిని కూడా మర్నాడు పొద్దున్నే ఓపీజీకి, అంటే దవడ మొత్తాన్ని చూపే ఎక్స్‌రే ఫిల్ముకు, ఎందుకు పంపుతున్నాం? దవడకు చిన్న ప్లేట్లు వేయడంపై షాంపీ 1978లో రాసిన వ్యాసం తర్వాత మన పద్ధతి మారింది. విరుపును కళ్లారా చూసి, పళ్లు కలిపి కట్టి, ఆపైనే స్క్రూ బిగిస్తున్నాం. తప్పు జరిగితే ముందు చెప్పేది రోగే: "పండ్లు కలుస్తలేవు సార్." బ్రిటన్, అమెరికాలలో 1990ల చివరి నుంచి వచ్చిన సమీక్షలదీ అదే పాట. ఇబ్బందేమీ లేని రోగికి తీసిన ఫిల్ము చికిత్సను మార్చడం బహు అరుదు.

రేడియేషన్ బూచిని చూపి నేను వాదించను. ఒక ఓపీజీ మోతాదు ఇంచుమించు 10 నుంచి 25 మైక్రోసీవర్టులు, ప్రకృతి నుంచి కొద్దిరోజుల్లో మనకు అందేపాటిది. నా అభ్యంతరం ఆ ఫిల్ము ఇచ్చే ధీమా మీద. గడ్డం మధ్య విరుపునే తీసుకోండి. అక్కడ మెడ వెన్నుపూసల నీడ పడి ఓపీజీ మసకబారుతుంది. ముందువైపు ప్లేటు తీరుగా కనిపిస్తూనే, నాలుకవైపు సందు తెరుచుకుని ముఖం వెడల్పై ఉండొచ్చు. దాన్ని పట్టించేది దవడ మూలలు తడిమే చెయ్యి, వెనక పళ్ల కాటు. అందుకు అందరికీ సీటీ తీయమనే మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. ఓపీజీకి ఎన్నోరెట్ల మోతాదు ఇచ్చి, పళ్లు చూసే ఓపికను ఆదా చేసుకోవడం వారికే చెల్లింది.

రేపు చీము పడితే పోల్చుకోవడానికి మొదటి ఫిల్ము ఉండాలంటారు. చీము పడ్డ రోజు ఎలాగూ కొత్త ఫిల్ము తీస్తాం. ఆపరేషన్ నోట్సు శ్రద్ధగా రాసి ఉంటే పోలికకు చాలావరకు అదే చాలు. యాక్సిడెంటు కేసులో దెబ్బను రుజువు చేసేది ఆపరేషన్ ముందటి ఫిల్మే. ఆరోగ్యశ్రీ క్లెయిముకు కావాలంటే తీయండి, కాదనను. కానీ కారణం క్లెయిమేనని కేసు షీటులో రాయండి. దవడ కీలు దగ్గరి కాండైలు విరుపులు, ముక్కలుముక్కలైన ఎముక, పళ్లు లేని వృద్ధుల దవడలు నా వాదనకు బయటివి. అక్కడ కాటును నమ్ముకుంటే కుదరదు, ఫిల్ము తీయాల్సిందే.

మర్నాటి ఫిల్ము మీద ఇంత పట్టుదల ఉన్న మనకు ఆరోవారం తనిఖీ మీద ఎందుకు లేదు? ఏటూరునాగారం నుంచో భూపాలపల్లి నుంచో వచ్చి, నొప్పి తగ్గాక మళ్లీ కనిపించని రోగి దవడ అతికిందో లేదో ఏ ఫైలూ చెప్పదు. మన పత్రికల్లో దాని మీద వ్యాసాలు నా కంట పడలేదు, ప్లేట్ల మందం మీద మాత్రం కొల్లలు. కాటు, మిల్లీమీటర్లలో నోరు తెరుచుకునే కొలత, కింది పెదవి తిమ్మిరి, ఫిల్ము తీస్తే ఎందుకో ఒక్క వాక్యం: ఇంతే ఉన్న ఉమ్మడి ఫారాన్ని మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాను. ఓడించదలచినవారు దయచేసి భోజనాల తర్వాత వెళ్లిపోకండి.