సైన్యములో అధికారపు అప్పగింత

(వార్షికోత్సవమునాడు పోషకుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము మన విద్యార్థి నాయకులు పదవి స్వీకరించునపుడు పాతవారు తమ భుజమునుండి పట్టీ తీసి క్రొత్తవారికి అప్పగించుట మీరు చూచుచునే యున్నారు. ఈ తతంగమునకు అరగంట కాలమును, పిల్లలకు తెల్లని దుస్తుల ఖర్చును ఏల యని కొందరు పోషకులు ఈ యేడు మమ్ము అడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. ఈ యాచారము మనము సైన్యమును చూచి తెచ్చుకొన్నది. కావున అక్కడ అది యెట్లు జరుగునో, ఎందులకు జరుగునో నేడు విన్నవింపదలచితిమి.

1949 జనవరి 15వ తేదీన జనరల్ సర్ ఫ్రాన్సిస్ రాయ్ బుచర్ భారత సైన్యాధిపత్యమును కె. ఎం. కరియప్పగారికి అప్పగించిరి. కరియప్పగారు మన పొరుగునున్న కొడగు సీమవారు. స్వాతంత్ర్యము వచ్చి పదునేడు నెలలైనను అంతవరకు మన సైన్యమునకు ఆంగ్లేయుడే అధిపతిగా నుండెను. ఆ తేదీనే నేటికిని సైనిక దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. అది యే కోటను పట్టుకొన్న దినమో, ఏ యుద్ధము గెలిచిన దినమో కాదని గమనింపుడు. ఒకరు పీఠము దిగి మరియొకరు ఎక్కిన దినము. దానినే సైనికులు తమ పండుగగా నెంచుకొనిరి.

నౌకాదళమున ఈ మార్పు ఇంకను ఆలస్యముగా వచ్చినది. నౌకను నడిపించు విద్య ఏండ్ల తరబడి సముద్రముపై నేర్వవలసినది. స్వాతంత్ర్యము వచ్చునాటికి పెద్ద నౌకలపై ఆధిపత్యము వహించిన యనుభవముగల భారతీయులు మిక్కిలి కొద్దిమంది. అందుచేత 1958 వరకు ఆంగ్లేయులే మన నౌకాదళమునకు అధిపతులైరి. ఆ యేడు ఏప్రిల్ 22వ తేదీన వైస్ అడ్మిరల్ సర్ స్టీఫెన్ కార్లిల్ నుండి ఆ బాధ్యతను అందుకొన్నవారు రామదాస్ కటారిగారు. వారు తెలుగువారు, పుట్టినది ఆంధ్రదేశమున గాదు, మనకు కూతవేటు దూరమునున్న చెంగల్పట్టున. 1927లో బొంబాయిలోని డఫ్రిన్ శిక్షణ నౌకలో చేరిన మొదటి జట్టులో వారొకరు. తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములలోని పిల్లలు ఎంతదూరము పోగలరని మమ్మడుగు తలిదండ్రులకు మేము ముందుగా ఈ పేరే చెప్పుదుము.

ఇక ఆ యుత్సవపు తీరు. విశాఖపట్టణమున తూర్పు నౌకాదళమునకు క్రొత్త అధిపతి వచ్చునపుడు కవాతు జరుగును. తెల్లని దుస్తులు, మెడవరకు గుండీలు పెట్టిన కోటు, రొమ్మున పతకములు, నడుమున ఖడ్గము, భుజములపై బంగారు వన్నె గుర్తులు. మన నాటకములలో రాజపాత్రధారులకు భుజకీర్తులు కట్టుదురే, ఆ మాట వీనికి చక్కగా సరిపోవును. వెళ్లువారును వచ్చువారును ఒకే విధమైన దుస్తులలో నిలుతురు. ఈ సంగతి మాకు మిక్కిలి ముఖ్యముగా తోచును. పదవి పోవుచున్నవానికి ఆ దినమున దుస్తులలో ఏ లోపమును ఉండదు. వచ్చువానికి ఏ యదనపు అలంకారమును ఉండదు. వెళ్లువారు సైనికుల వందనము స్వీకరింతురు. దండము చేతులు మారును. వచ్చినవారు పని యారంభింతురు.

ఆ దండము విషయమై ఒక మార్పు జరిగినది. నౌకాదళాధికారులు చేత దండము పట్టుకొని తిరుగు వాడుక ఆంగ్లేయుల కాలమునాటిది. 2023 జూలైలో దానిని మానిపించిరి. ప్రతి విభాగాధిపతి కార్యాలయమున ఒక దండముంచి, అధికారము అప్పగించునపుడు ఆ గదిలోనే దానిని అందించుకొనవచ్చునని నిర్ణయించిరి. ఇది మాకు నచ్చిన మార్పు. చేతిలో నున్నంతకాలము అది మనిషికి సొగసు. గదిలో నుంచినపుడు పదవికి గుర్తు. ఆ యేడు డిసెంబరులోనే అడ్మిరల్ పదవులవారి భుజకీర్తులును మారినవి. మునుపు వానిపై ఖడ్గమును దండమును అడ్డముగా నుండెడివి. ఇప్పుడు ఖడ్గమును దూరదర్శినియు నున్నవి. శివాజీ మహారాజు ముద్రను తలపించు అష్టకోణమును చేర్చిరి. నౌకాదళపు జెండా చరిత్ర ఇంతకంటె వింతైనది. దానిపైనున్న ఆంగ్లేయుల శిలువ గీతను 2001లో తీసిరి, 2004లో మరల పెట్టిరి, 2022లో మరల తీసివేసిరి. గుర్తులు మార్చుట తేలికకాదని దీనివలన తెలియుచున్నది.

భూసేన దుస్తులలో 2023 ఆగస్టు 1వ తేదీనుండి వచ్చిన మార్పును గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. సైన్యములో ప్రతి పటాలమునకును తనదైన గుర్తు కలదు. గూర్ఖా పటాలములవారికి వెడల్పు అంచుగల టోపీ, పారాచూట్ దళమువారికి ఎర్రజేగురు రంగు టోపీ, టాంకు దళములవారికి నల్లనిది. రైఫిల్ పటాలములకు నల్లని గుండీలు. కొందరికి భుజమునుండి వ్రేలాడు త్రాడు. నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో మన దక్షిణాది నాలుగు భాషల యువకులును చేరు మద్రాసు రెజిమెంటుకు తన గుర్తు తనకున్నది. పూర్వము అధికారి ఎంత పైకి పోయినను తన పటాలపు గుర్తులనే ధరించెడివాడు. ఆ తేదీనుండి బ్రిగేడియరు మొదలు ఆ పైవారందరికిని టోపీ, భుజపు గుర్తులు, కాలరు పట్టీలు, నడికట్టు, పాదరక్షలు ఒకే తీరువి; త్రాడు లేదు. ఏలయన ఆ స్థాయిలో నున్నవాడు అనేక పటాలములవారిని నడిపింపవలెను. ఒక పటాలపు టోపీ పెట్టుకొని కూర్చున్నచో మిగిలినవారికి అనుమానము కలుగును.

ఇందు మన బోటి అల్పసంఖ్యాక భాషీయులకు సంబంధించిన విషయమున్నది. ఆ బ్రిగేడియరు తన పటాలమును మరచెనా? మరువలేదు. ఇరువదియేండ్లకు పైగా అందే పెరిగి, అందే నడత నేర్చి, ఆ బలముతోనే పైకి వచ్చెను. మొదటినుండియు అందరికిని ఒకే టోపీ పెట్టినచో పటాలపు అభిమానమే పుట్టదు. ఆ యభిమానము లేక సైనికుడు కందకములో నిలువడు. ఇంట తెలుగు, బడిలో తెలుగు నేర్చిన పిల్లవాడు రేపు నలుగురి భాషల నడుమ పనిచేయుటకు ఆ తెలుగు అడ్డమని తలచు తలిదండ్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచింపవలెనని మా మనవి.

అమెరికా సైన్యములో అప్పగింత మరియొక తీరున జరుగును. అచట చేతులు మారునది పటాలపు పతాకము. సార్జంటు మేజరు దానిని తెచ్చి వెళ్లిపోవు సేనాని చేతికిచ్చును. ఆయన తన తరువాతివానికి నేరుగా ఇయ్యడు, పైయధికారికి ఇచ్చును. పైయధికారి క్రొత్తవానికి ఇచ్చును. ఆయన మరల సార్జంటు మేజరుకే ఇచ్చును. అధికారము సొంత ఆస్తివలె ఒకరు మరియొకరికి వ్రాసి యిచ్చునది కాదని చూచువారందరికిని తెలియును. పతాకము తుదకు చేరునది సైనికులలోనుండి వచ్చినవాని చేతికే. సైనికులందరు చూచుచుండగా ఇది జరుగవలెను. మరునాటినుండి ఎవరి యాజ్ఞ పాటింపవలెనో వారికి సందేహముండరాదు.

ఈ యుత్సవమునకు వెనుక చూడ సొగసు లేని పని యొకటి కలదు. ఆ సైన్యమున ఒక కంపెనీ చేతులు మారుటకు ముందు తుపాకీ మొదలు పనిముట్ల వరకు ప్రతి వస్తువును ఇద్దరును కలిసి లెక్కించి, సంతకములు చేయవలెను. లెక్క తేలక పతాకము కదలదు.

ఇక వెళ్లిపోవువాని సంగతి. మన సైన్యములోను నౌకాదళములోను ఒక ముచ్చటైన వాడుక ఉండెడిది; భూసేనలో దానిని 2023లో మానిపించిరి. విరమించు అధికారి ఎక్కిన వాహనమునకు త్రాళ్లు కట్టి, క్రింది యధికారులును సైనికులును స్వయముగా లాగి ద్వారమువరకు సాగనంపెడివారు. ఎంత ప్రేమగా లాగినను ద్వారమువైపే లాగెడివారు సుమా! తెలుగు బిడ్డయైన జనరల్ కె. వి. కృష్ణారావుగారు 1981 జూన్ 1వ తేదీన భూసేనాధిపత్యము స్వీకరించి, 1983 జూలై 31వ తేదీన విడిచిరి. ఆ తేదీ వచ్చినపుడు తరువాతివారు సిద్ధముగా నుండిరి.

మన పోషక సంఘమున కోశాధికారి పని తొమ్మిదేండ్లుగా ఒక్కరే చేయుచున్నారు. వారి పిల్లలిద్దరును ఈ బడి విడిచి చాలకాలమైనది. ఎవరైన తీసికొనుడని వారు మూడు సభలలో కోరిరి. అందరును తల వంచుకొనిరి. మేమును రెండేండ్లలో విరమింపవలసినవారమే. క్రొత్తగా బడికి పిల్లలను పంపుచున్న యువ దంపతులు పెద్దలున్నారుగదా యని వెనుకకు తగ్గుచున్నారు. పిల్లలకు పట్టీలు మార్పించి, మనము మాత్రము కుర్చీలు మార్చుకొనకున్నచో, అరగంట వృథా యన్న పోషకుల మాటయే నిజమగును.

మన చెన్నపురిలోనే పరంగిమల వద్ద సైనికాధికారుల శిక్షణాలయము కలదు. అచట శిక్షణ ముగిసిన దినమున యువకుల, యువతుల భుజములపై నక్షత్రములను వారి తలిదండ్రులే వచ్చి తగిలింతురు. ఈ యేడు మన విద్యార్థి నాయకులకును పట్టీని పాత నాయకులు తెచ్చి మాకిత్తురు. మేము తల్లికో తండ్రికో అందింతుము. వారు బిడ్డ భుజమున వేయుదురు. దుస్తులు ఉన్నవే ఉతికి తెచ్చిన చాలును, క్రొత్తవి కుట్టింపవలదు.

సంఘపు లెక్కల పుస్తకములు మా కార్యాలయములో బల్లపై నుంచితిమి. వచ్చు శనివారము మధ్యాహ్నము 3 గంటలకు కోశాధికారిగారు వచ్చి కూర్చుందురు. ఆ భారము అందుకొనదలచినవారు వచ్చి, వారితో కలిసి రసీదులన్నియు ఒక్కొక్కటిగా లెక్క చూచుకొనవలెనని కోరుచున్నాము.