చేతికందిన కొలువు చేజారినప్పుడు

(మస్జిద్ కమిటీ ఆధ్వర్యంలో యువకులకు, తల్లిదండ్రులకు ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పే సభలు మనం తరచుగా జరుపుకుంటాం. వచ్చిన ఉద్యోగానికి సమ్మతి తెలిపిన తరువాత, ఇంకా చేరకముందే అది రద్దయితే ఏం చేయాలో చెప్పే సభలు అరుదు. ఇంటర్వ్యూలో నెగ్గనివాడికి బాధ ఉంటుంది గానీ ఉన్న కొలువు పోదు. ఆఫర్ లెటరు నమ్ముకుని పాత కొలువు వదిలి, బంధువులకు మిఠాయి పంచినవాడికి జీతమూ పోతుంది, పరువూ పోయినట్లు తోస్తుంది. పరువు కోసం అతడు నోరు మూసుకుంటాడు. ఆ మౌనమే అతని నష్టాన్ని రెట్టింపు చేస్తుంది. ఇది సిగ్గుతో దాచుకోవలసిన సంగతి కాదు, కాగితంతో ఎదుర్కోవలసిన సంగతి. ఈనాడు నేను మీకు చెప్పదలచినది ఈ ఒక్క మాటే.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ఆఫర్ రద్దయిందంటే అభ్యర్థిలో ఏదో లోపముందని మన ఇళ్లలో అనుకుంటారు. 2022లో చదువు ముగించిన ఎందరో ఇంజనీరింగ్ పట్టభద్రులకు పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలే ఆఫర్ లెటర్లిచ్చి, చేరే తేదీని నెలల తరబడి వాయిదా వేశాయి, కొందరివి రద్దు చేశాయి. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు, మంచి మార్కులవారూ ఉన్నారు. వ్యాపారం తగ్గితే సంస్థ ముందుగా కోత పెట్టేది ఇంకా చేరనివాడికే.

ఇటీవల మన సహాయ కేంద్రానికి వచ్చిన ఒక యువకుని సంగతి వినండి. బి.కాం. చదివి, ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో 17 వేల జీతానికి పనిచేసేవాడు. హైదరాబాద్‌లోని ఒక సంస్థ 26 వేలకు ఆఫర్ ఇచ్చింది. ఈమెయిల్‌లో సమ్మతి తెలిపాడు. నోటీసు కాలం పూర్తి చేయలేక అరనెల జీతం, అంటే 8,500 వదులుకుని రాజీనామా చేశాడు. హాస్టల్‌కు 8 వేలు అడ్వాన్సు కట్టాడు. చేరవలసిన తేదీకి నాలుగు రోజుల ముందు ఫోను వచ్చింది: పోస్టును ప్రస్తుతానికి ఆపామని. ‘ఎవరికీ చెప్పకు’ అన్నాడు తండ్రి. కుర్రవాడు నెలన్నర పాటు ఉద్యోగం చేస్తున్నట్లే హాస్టల్‌లో గడిపాడు. అప్పు 35 వేలకు చేరింది. మన దగ్గరికి వచ్చాక ఆ సంస్థకు మొదట ఉత్తరం రాయించాం, తరువాత న్యాయవాది చేత నోటీసు పంపించాం. ఆ 8,500, ఆ 8 వేలు, మొత్తం 16,500 తిరిగి ఇచ్చారు. అయితే ఆసుపత్రివారు చెప్పిన మాటే నన్ను ఎక్కువ బాధించింది: ఫోను వచ్చిన రోజున అతని కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట. అడిగి ఉంటే తిరిగి తీసుకునేవారట.

కనుక యువ మిత్రులారా, కబురు అందిన రోజునే మూడు పనులు చేయండి. మొదటిది, ఫోనులో చెప్పిన మాటను రాతలోకి తీసుకురండి. ‘ఫలానా తేదీన మీరు ఫోనులో ఇలా తెలిపారు, దీనిని ధ్రువీకరించండి, కారణం తెలపండి’ అని ఈమెయిల్ పంపండి. రెండవది, అదే రోజున పాత యజమానిని కలవండి. రాజీనామా ఇంకా అమలులోకి రాకపోతే దానిని ఉపసంహరించుకుంటున్నానని రాసి ఇవ్వండి. మూడవది, ఆఫర్‌ను నమ్మి చేసిన ప్రతి ఖర్చుకూ రసీదు వెతికి ఒక కవరులో భద్రపరచండి.

చట్టం ఏమంటుంది? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఐదవ సెక్షన్ ప్రకారం, సమ్మతి తెలియజేయడం పూర్తయిన తరువాత ప్రతిపాదనను ఉపసంహరించుకునే వీలు లేదు. ఆపైన మాట తప్పితే అది ఒప్పంద ఉల్లంఘన. అందువల్ల సహజంగా కలిగిన నష్టానికి 73వ సెక్షన్ కింద పరిహారం కోరవచ్చు. దావాకు గడువు సాధారణంగా మూడేళ్లు. అయితే ఆశలు హద్దులో ఉంచుకోవాలి. వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడం న్యాయస్థానాల సంప్రదాయం కాదు, కాబట్టి ప్రైవేటు సంస్థలో ఆ ఉద్యోగమే ఇప్పించమంటే సాధారణంగా కుదరదు. పైగా సర్టిఫికెట్ల తనిఖీ, వైద్య పరీక్ష వంటి షరతులు ఆఫర్ లెటరులోనే ఉంటాయి. వాటిని చదవకుండా సమ్మతి తెలపరాదు. చేరే తేదీ, జీతం, షరతులు రాతపూర్వకంగా చేతికి వచ్చి, తనిఖీలు పూర్తయ్యేవరకు రాజీనామా ఇవ్వకండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి వద్దా వదలకండి. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 చట్టం ప్రకారం మహిళలకు, నిర్ణీత ఆదాయ పరిమితిలోపు వారికి ఉచిత సహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు తెలుసుకోవచ్చు.

ఇక ప్రభుత్వ కొలువుల సంగతి. ఎంపిక జాబితాలో పేరున్నంత మాత్రాన ఉద్యోగం హక్కుగా సంక్రమించదని 1991లో శంకర్‌సన్ దాష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఖాళీలు నింపకుండా వదిలేసే నిర్ణయం నిరంకుశంగా ఉండరాదని కూడా అదే తీర్పు చెప్పింది. కారణం తెలుసుకోవడానికి 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేది పోలీసు వెరిఫికేషన్. ఏదో ధర్నాలోనో, వీధి తగాదాలోనో పేరు ఎక్కి ఉంటుంది. భయపడి అటెస్టేషన్ ఫారంలో ‘కేసులు లేవు’ అని రాస్తారు. అసలు కేసు కంటే ఆ అబద్ధమే ఉద్యోగాన్ని మింగేస్తుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. స్వల్పమైన కేసు పెండింగులో ఉన్నదని నిజాయితీగా తెలిపినవారిని, కేసు ఫలితానికి లోబడి నియమించే విచక్షణ యజమానికి ఉంది. దాచినవాడు ఆ అవకాశాన్ని ప్రమాదంలో పడేసుకుంటాడు. నిజం రాయండి, కేసు పత్రాలు జతచేయండి.

గల్ఫ్ దేశాల వైపు చూసే కుటుంబాలు కడపలోనూ ఉన్నాయి, కరీంనగర్, నిజామాబాద్‌లలోనూ ఉన్నాయి, హైదరాబాద్ పాతబస్తీలోనూ ఉన్నాయి. ఆఫర్ చేజారితే అందరికంటే ఎక్కువ నష్టపోయేది వీరే, ఎందుకంటే ఇక్కడ ముందే సొమ్ము చేతులు మారుతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, విదేశాలకు కార్మికులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరును ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము పరిమితి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాడు మొదటి మెట్టులోనే చట్టాన్ని దాటినట్లు. టూరిస్టు వీసాపై పంపి అక్కడ మార్పిస్తామనే మాట నమ్మవద్దు. ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోండి, సొమ్మును బ్యాంకు ద్వారానే పంపండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఈ పనికే ఉన్నాయి. ముందుగా అక్కడ విచారించండి.

ఇప్పుడు మీ మనసుల్లో మెదులుతున్న ప్రశ్నకు వస్తాను. ‘సాహెబ్, నా పేరు చూసే, నా గడ్డం చూసే, నా చెల్లెలి హిజాబ్ చూసే రద్దు చేశారు’ అని కొందరు అంటారు. అలా జరగదని నేను చెప్పను. 2015లో ముంబైలో ఒక సంస్థ, ముస్లిమేతరులనే తీసుకుంటామని ఒక ముస్లిం యువకునికి ఈమెయిల్‌లోనే రాసి పంపింది. దేశమంతా తెలిసిన ఉదంతమది. ప్రభుత్వ ఉద్యోగాలలో మత వివక్షను రాజ్యాంగం 16వ అధికరణ నిషేధిస్తుంది. ప్రైవేటు కొలువులకు అలాంటి సమగ్ర చట్టం మనకు లేదు. సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ కావాలని సూచించింది. మాధవ మీనన్ నేతృత్వంలోని నిపుణుల బృందం 2008లో దానికి రూపురేఖలు ఇచ్చింది. ఆ చట్టం ఈనాటికీ రాలేదు. దానిని డిమాండ్ చేయడం మన బాధ్యత. కానీ ఆ డిమాండ్‌కు బలం ఎక్కడి నుంచి వస్తుంది? రద్దయిన ప్రతి ఆఫర్‌నూ, చెప్పిన ప్రతి కారణాన్నీ రాతలో భద్రపరచినప్పుడే వస్తుంది. ముంబై సంగతి వెలుగులోకి వచ్చింది రాతలో ఉన్నందువల్లనే. ఆధారం ఉంటే రాష్ట్ర మైనారిటీ కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు వెళదాం. ఆధారం లేని అనుమానాన్ని వాట్సాప్‌లో ఊరేగిస్తే నిజమైన బాధితుడి మాటకు కూడా విలువ పోతుంది.

మనలో వ్యాపారాలున్నవారికి కూడా ఒక విన్నపం. బేకరీ అయినా, ఆసుపత్రి అయినా, పాఠశాల అయినా, ‘వచ్చే నెల ఒకటిన రా’ అని చెప్పి తరువాత ముఖం చాటేయడం వాగ్దాన భంగమే. ఇవ్వలేకపోతే ముందే చెప్పండి, వారికి కలిగిన ఖర్చు ఇవ్వండి. అలాగే రెండు చోట్ల సమ్మతి తెలిపి, ఒకచోట చెప్పాపెట్టకుండా మానేసే యువకులు కూడా తమ తరువాత వచ్చే మనవారి దారి మూస్తున్నారని గ్రహించాలి.

తల్లిదండ్రులారా! నియామక పత్రం చేతికి వచ్చి, పిల్లవాడు మొదటి జీతం అందుకునేదాకా ఆ జీతాన్ని చూసుకుని అప్పు చేయవద్దు, ఆడపిల్ల నికాహ్ తేదీ ఖాయం చేయవద్దు. కొలువు చేజారిన బిడ్డ ఇంటికి వస్తే, పొరుగువారేమనుకుంటారని అడగకండి, ‘ఉత్తరం రాశావా?’ అని అడగండి. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే దీర్ఘమైన ఆయత్ సూరా బఖరాలోని 282వది. అప్పు లావాదేవీలను సాక్షులను పెట్టుకుని రాసుకోవడం గురించి అది బోధిస్తుంది. రాతను అంతగా గౌరవించిన ధర్మం మనది. నోటిమాటలతో మోసపోవడం మనకు తగదు.

ప్రతి ఆదివారం జొహర్ నమాజు తరువాత మన సహాయ కేంద్రం తెరిచి ఉంటుంది. ఆఫర్ లెటరు తీసుకురండి, సమ్మతి తెలపడానికి ముందే తీసుకురండి, కలిసి చదువుదాం. ఇప్పటికే చేజారినవారుంటే రసీదులతో రండి, కలిసి ఉత్తరం రాద్దాం. అల్లాహ్ మన పిల్లలకు హలాల్ ఉపాధిని, మనందరికీ మాట నిలుపుకునే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.