అమ్మ వార్డులో ఉంటే ఫోన్‌లో ఏం చెప్పాలి?

మన పెద్దలు రంగం అని పిలిచిన యాంగోన్‌లో, తాకేటా నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడా మన గవర్నమెంటు ఆసుపత్రుల్లో లాగే మంచం పక్కన ఇంటివాళ్ళే ఉంటారు. తినిపించేదీ, బట్టలు మార్చేదీ వాళ్ళే. అంటే రోగం ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకకుండా ఆపే పని చాలావరకు వాళ్ళ చేతుల్లోనే ఉంది. దూరాన ఉన్న మనకి మిగిలింది ఫోన్. అందులో ఏం చెప్పాలన్నదే ఈరోజు విషయం.

బ్రిటన్‌లో స్టోక్ మాండెవిల్ అని ఒక ఆసుపత్రి. 2003 నుంచి 2005 దాకా అక్కడ సీ డిఫిసిల్ అనే బాక్టీరియా 300 మందికి పైగా రోగులకు సోకింది. నీళ్ళ విరేచనాలు. 30 మందికి పైగా చనిపోయారు. ఈ రోగం ఎక్కువగా పట్టేది పెద్దవయసు వాళ్ళనే. 2006లో విచారణ రిపోర్టు వచ్చింది. డాక్టర్లు లేకనో, మందులు లేకనో కాదు. జబ్బుపడినవాళ్ళని వెంటనే వేరే గదుల్లోకి మార్చలేదు. పైవాళ్ళ ధ్యాసంతా టార్గెట్ల మీదే.

సైటులో గొయ్యి అంచు జారుతోందంటే మనం ఏం చేస్తాం? ముందు బారికేడ్ పెట్టి మనుషుల్ని పక్కకి తీస్తాం. కారణం తర్వాత వెతుకుతాం. వార్డులోనూ అంతే, టెస్టు రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు.

కాబట్టి తమ్ముడికో, చెల్లికో ఇలా చెప్పండి. అమ్మకి గానీ, పక్క మంచం ఆవిడకి గానీ విరేచనాలో, కొత్తగా దగ్గో మొదలైతే వెంటనే నర్సమ్మకి చెప్పాలి. వేరే గది అడగాలి. గది లేకపోతే మంచం దూరం జరపమనాలి, బెడ్‌పాన్ వేరుగా ఉంచాలి. చేతులు సబ్బు పెట్టి నీళ్ళతో కడగాలి. సీ డిఫిసిల్ శానిటైజర్‌కి చావదు. పక్క మంచం మీద కూర్చోకూడదు. జలుబు, జ్వరం ఉన్నవాళ్ళు చూడ్డానికి వెళ్ళకూడదు. యాంటీబయాటిక్ సొంతంగా కొని వెయ్యకూడదు. సీ డిఫిసిల్ చాలాసార్లు ఆ మందుల తర్వాతే వస్తుంది.

ఇంకో మాట. ముసలివాళ్ళకి ఇన్ఫెక్షన్ వచ్చినా ఒక్కోసారి జ్వరం కనపడదు. తిండి మానేస్తారు, మనిషిని పోల్చుకోరు, మత్తుగా ఉంటారు. "వయసైపోయింది కదా" అని వదిలెయ్యకండి. ఆరోజే డాక్టర్‌కి చెప్పించండి.

డబ్బు అందిందా అని ఎలాగూ అడుగుతాం. ఈసారి చేతులు సబ్బుతో కడిగారా అని కూడా అడగండి. ఉంటాను.