సగటు వేగం – ఒక పాత లెక్క
(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక లెక్క చెబుతాను. తొమ్మిదో తరగతిలో మాస్టారు చెప్పిందే. అప్పుడు మార్కులు వచ్చాయి కానీ, అర్థం కాలేదు.

డిగ్రీ పాసైన ఏడాది సంగతి. మా ఊరు కొల్లేటి లంక. నాన్నగారికి ఒంట్లో బాగోలేదు, ఏలూరులో డాక్టరుగారికి చూపించాలి. ఆయన ఒంటిగంటన్నర దాకే ఉంటారు. ఎనిమిది కిలోమీటర్లు పడవ మీద, అక్కడి నుంచి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు బస్సులో వెళ్ళాలి. గడ వేసి నడిపే పడవ గంటకు 4 కిలోమీటర్లు పోతుంది, బస్సు 28 పోతుంది. రెండూ కూడి సగం చేస్తే 16. మొత్తం 36 కిలోమీటర్లు కదా, రెండుంపావు గంటలు చాలనుకున్నాను. ‘పదకొండింటికి బయలుదేరదాం నాన్నా, తొందరేం లేదు’ అన్నాను.

పడవ దిగేసరికే రెండు గంటలు అయిపోయాయి. రేవులోనే బస్సు సిద్ధంగా ఉన్నా, ఇంకో గంట. ఏలూరులో దిగేసరికి రెండు. డాక్టరుగారు వెళ్ళిపోయారు. ఆ రాత్రంతా నాన్నగారు ఆసుపత్రి వరండాలో దగ్గుతూ కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లారి మందు దొరికింది, కోలుకున్నారు. కానీ ఆ దగ్గు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తప్పెక్కడ? 36 కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. అంటే నిజమైన సగటు 16 కాదు, 12. రెండు వేగాలనూ కూడి సగం చేయడం, ఒక్కో వేగంతో సమానమైన కాలం ప్రయాణించినప్పుడే సరిపోతుంది. మేము పడవలో రెండు గంటలు, బస్సులో ఒక గంట ఉన్నాం. నెమ్మదిగా నడిచే దారి కాలాన్ని ఎక్కువ తినేస్తుంది. అందుకే ఏ ముక్కకు ఆ ముక్క దూరాన్ని వేగంతో భాగించి, కాలాలను కూడాలి. మాస్టారు బోర్డు మీద రాసింది ఇదే.

మరొకటి చూడండి. ఏలూరు నుంచి దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం 48 కిలోమీటర్లు అనుకుందాం. గంటలో చేరాలి. మొదటి సగం 24 కిలోమీటర్లు గంటకు 24 చొప్పున వెళ్ళాం. మిగతా సగం ఎంత వేగంగా పోతే సమయానికి అందుకుంటాం? తరగతిలో అందరం ‘72 మాస్టారూ’ అని అరిచాం. ఆయన నవ్వి, ‘గంట ఇప్పటికే అయిపోయిందిరా’ అన్నారు. రెక్కలు కట్టుకున్నా లాభం లేదు.

బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండితే, ఆ నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరే. ఎన్ని ఏర్లు ఎంత వేగంగా వచ్చినా, ఖాళీ అయ్యే కాలాన్ని నిర్ణయించేది ఆ ఒక్క దారి. మన ప్రయాణమూ అంతే. ముందు నెమ్మదైన ముక్కను చూసుకోవాలి.

ఆనాడు పదింటికి బయలుదేరి ఉంటే సరిపోయేది. యాభై ఏళ్ళ తర్వాత మనం ఇలా కలిశాం. రాలేకపోయిన వాళ్ళ పేర్లు ఇందాక చదివారు. మన గురువుల్లో ఎవరినైనా ఇంటికి వెళ్ళి చూడాలనుకుంటే, ‘తర్వాత చూద్దాంలే’ అనకండి. కాస్త ముందే బయలుదేరండి.

సెలవు.