మానిన తరువాత ఇంటివారి పని

(కనకాలపేట వాస్తవ్యులొకరు మన ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



పండుగపూట తాగుడు మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. ఒక ఇంటి యజమాని తాగుడు మానినాడన్న కబురుకంటె శుభవార్త ఏమున్నది? ఆ శుభం నాలుగు కాలాలపాటు నిలవడానికి ఇంటిల్లిపాదీ ఏమి చేయవలెనో మనవి చేయడానికే నిలబడ్డాను.

మాది యానాంలోని కనకాలపేట. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పరిపాలన పుదుచ్చేరిది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకొంటున్న స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ నిషేధం సడలింది. అన్నాళ్లూ ఆ చట్టం మా యానాంకు వర్తించలేదు. గోదావరి గట్టున పుట్టినవాళ్లం గనుక మాకు బాగా తెలిసిన సంగతి ఒకటున్నది: చట్టం ఉన్న ఊళ్లోనైనా, లేని ఊళ్లోనైనా మానిన మనిషిని నిలబెట్టవలసింది చివరకు ఇల్లే. పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఈ పట్టణంలోనూ అంతే.

ముందుగా ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా మానితే మొదటి నాలుగైదు రోజులు ప్రమాదం. చేతులు వణుకుతవి, చెమటలు పోస్తవి. కొందరికి ఫిట్లు వస్తవి, లేనివి కనబడతవి, మతి తప్పుతుంది. ప్రాణం మీదికి రావచ్చును. కనుక గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. డాక్టరు చెప్పినట్లు మాన్పించాలి. మదరాసులో 1980లో శాంతి రంగనాథన్ గారు స్థాపించిన టి.టి. రంగనాథన్ సంస్థ వంటివి ఇందుకే వెలసినవి. మన దేశంలో 14446 నంబరుకు ఫోను చేస్తే దారి చెప్తారు.

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన నాటి నుండే మన పని. తాగేవాడికి సారాయే కడుపు నింపుతుంది, అన్నం మీదికి మనసు పోదు. తిన్నదానిలోని బి1 విటమినును కూడ మద్యం సరిగా ఒంటబట్టనీయదు. అది బాగా తగ్గితే నడక తూలుతుంది, చూపు చెదురుతుంది, జ్ఞాపకం పోతుంది. అప్పుడు వెంటనే ఇంజక్షన్లు కావలెను, పథ్యంతో సరిపెట్టుకోరాదు. ఫోలిక్ ఆమ్లమూ తరుగుతుంది. భీమవరంలో పుట్టి అమెరికా వలసపోయిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో ప్రయోగశాలలో తయారుచేసి చూపినది ఆ ఫోలిక్ ఆమ్లాన్నే.

దీనికి ఖరీదైన టానిక్కులు వెతకనక్కరలేదు. దంపుడు బియ్యం, రాగి సంకటి, కందిపప్పు, పెసలు, తోటకూర, వేరుసెనగలు, గుడ్డు, చిన్నచేపలు మన వంటింట్లో ఉన్నవే. బలానికని అరిష్టాలు, ఆసవాలు మాత్రం పోయకండి. వాటిలోనూ ఆల్కహాలున్నది. మధుమేహమో, కాలేయ జబ్బో ఉన్నవారు డాక్టరునడిగి పథ్యం నిర్ణయించుకోవలెను.

ఏమి పెట్టాలన్నదెంత ముఖ్యమో, ఎప్పుడు పెట్టాలన్నదీ అంతే ముఖ్యం. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సభలలో ఒక మాట చెప్పుకొంటారు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట – ఈ నాలుగింటినీ కనిపెట్టుకొని ఉండమని. సాయంత్రం పని దిగివచ్చే వేళకు నాలుగూ ఒక్కసారే మీద పడతవి. దుకాణమూ దారిలోనే ఉంటుంది. పని దిగేముందు గుప్పెడు ఉడికించిన సెనగలో, ఒక అరటిపండో తిననీయండి. ఇంటికి రాగానే మజ్జిగ ఇవ్వండి, లెక్కలు తరువాత అడగవచ్చును.

ఆ పైన నడక. వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెద్దలందరికీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. నడిచినప్పుడు తాగాలన్న తహతహ కొంతసేపు తగ్గుతుందని పరిశోధనలలో కనబడింది. మానిన కొత్తలో వారాలు, నెలల తరబడి నిద్ర సరిగా పట్టదు. ఒళ్లు అలిస్తే ఆ నిద్రకూ సాయం. నడకతోనే తాగుడు మానుతుందని నేననను. మందులు, డాక్టరు సలహా, తోటివారి ఆసరా ఉండగా ఇదొక ఊతకర్ర. మొదట పది నిమిషాలు చాలు.

ఈ భారమంతా ఇల్లాలి నెత్తిన వేయడం న్యాయం కాదు. ఏళ్ల తరబడి ఆమె పడ్డది చాలును. ఒంటరితనం పోగొట్టేది తోడు. ఆ తోడు సంఘం ఇవ్వగలదు. వీధికిద్దరు మగవాళ్లు సాయంత్రం ఆరు గంటలకు అతని గుమ్మంలో నిలబడి “రా బావా, నడిచి వద్దాం” అంటే అది ఏ చందాకూ తీసిపోని సేవ. మన విందులలో సీసా కనబడకుండా చూడటం రెండవ సేవ.

ఎప్పుడైనా కాలు జారితే “వీడింతే” అని వెలివేయకండి. మళ్లీ డాక్టరు దగ్గరకు, మళ్లీ పళ్లెం ముందుకు, మళ్లీ దారి మీదికి తీసుకొని రండి. తండ్రి ఏ వేళకు, ఏ నడకతో ఇంటికి వస్తాడో పిల్లలు గుమ్మంలో చూస్తూనే ఉంటారు. వారి కొత్త సంవత్సరం దానిమీదనే ఆధారపడి ఉన్నది.